క్విజ్‌లో నూటికి నూరు, కాంటా దగ్గర అదే తప్పు

అక్కా, మిర్యాలగూడ దగ్గర మీ కొనుగోలు కేంద్రంలో ఆన్‌లైన్ ట్రైనింగ్ ఇచ్చినా, తేమ 17 శాతం దాటిన వడ్లు ఇంకా తూకానికి వస్తున్నాయని రాశారు. తేమ 17 శాతం దాటకూడదని మీవాళ్లకు తెలుసు, క్విజ్‌లో అందరూ పాసయ్యారు కదా. ఇంకో పది స్లైడ్‌లు కలపకండి.

ముందు ఒక సాయంత్రం కాంటా దగ్గర కూర్చోండి. మేం ఒకచోట అలా కూర్చుంటే తేలిందేంటంటే, తేమ కొలిచే మీటర్‌లో బ్యాటరీ అయిపోయింది, గింజ కొరికి చూసి అంకె రాసేస్తున్నారు! దానికి కోర్సెందుకు? మనుషుల పనితీరుపై పుస్తకం రాసిన అమెరికన్ నిపుణుడు థామస్ గిల్బర్ట్ 1978లోనే ముందు సమాచారం, పనిముట్లు చూసి ఆ తర్వాతే మనిషిని చూడమన్నాడు.

రైతుకు కాదని చెప్పలేని మొహమాటమే కారణమైతే అప్పుడు కోర్సు చేయండి. ఒక్క సీన్ చాలు. మబ్బు పట్టింది, మీటర్ 18.4 చూపిస్తోంది, రైతు "జర తూకమెయ్యి బిడ్డా, వానొస్తే ఆగమైత" అంటున్నాడు. మూడు జవాబులివ్వండి, మూడూ నమ్మేలా ఉండాలి. ఒకటి "పట్టా కప్పు పెద్దనాయనా, ఎండినంక మొదటి కాంటా నీదే" అన్నట్టు. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు వద్దు. మిల్లు లారీని తిప్పి పంపడం, తరుగు పేరుతో కోత పడి అదే రైతు మళ్లీ వచ్చి నిలదీయడం చూపించండి. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అయిపోవాలి.