డోజర్ కింద ‘టక్’ శబ్దం: ఫైనల్ డ్రైవ్ విప్పే ముందు పుల్లలు గుచ్చండి

చెరువు గట్లు వేసే పాత డోజర్ ఎడమ చైను దగ్గర ఆగి ఆగి ‘టక్’మంటోందని, మెకానిక్ ఫైనల్ డ్రైవ్ (చైనును తిప్పే చివరి గేర్ల పెట్టె) విప్పాలంటున్నాడని రాశారు. విప్పించాలా అంటే, ఇప్పుడే వద్దు. ఆకివీడు దగ్గర ఇదే శబ్దం నన్ను నాలుగు రోజులు ముప్పుతిప్పలు పెట్టింది.

వేసవిలో చెరువులు ఎండగట్టి గట్లు ఎత్తు చేసే రోజులవి. బండి ఒక్క పూట ఆగితే చెరువు రైతు ఫోను మాత్రం ఆగదు. ఆ కంగారులో నేను చేసిన మొదటి పని చైను బిగించడం. శబ్దం తగ్గింది. మురిసిపోయాను. మర్నాడు మధ్యాహ్నానికి అంతకంటే గట్టిగా మొదలైంది. అతిగా బిగిస్తే పిన్నులు (లింకులను కలిపే కడ్డీలు), బుష్‌లు (పిన్నుల మీది గొట్టాలు), స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) పళ్లు అన్నీ త్వరగా అరుగుతాయి. అంటే ఆ ఒక్క రోజు నిశ్శబ్దాన్ని డబ్బు పోసి కొనుక్కున్నానన్న మాట.

మన నల్లమట్టి గురించి మీకు చెప్పనక్కర్లేదు. తడిగా ఉన్నప్పుడు స్ప్రాకెట్ పళ్ల సందుల్లో ముద్దలా దిగుతుంది, తెల్లారేసరికి ఇటుకలా బిగుస్తుంది. పొద్దున మొదటి అరగంట మాత్రమే కరకరలాడి ఆగిపోయే శబ్దమైతే అది చాలావరకు మట్టిదే. రోజంతా ఉంటే సాయంత్రం పని దిగగానే, మట్టి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే నీళ్లు కొట్టి కడిగించండి. చైను వదులు చూసేటప్పుడు మాత్రం కడగకూడదు. పని చేసే మట్టితోనే ఐడ్లర్‌కు (ముందు వైపు పళ్లు లేని పెద్ద చక్రం), పై రోలర్‌కు (చైనును పైన మోసే చిన్న చక్రం) మధ్య జారుడు, అంటే చైను కిందికి ఎంత వేలాడుతోందో కొలవాలి. కడిగిన చైనును సరిగ్గా బిగించి బురదలోకి దింపితే మట్టి చేరి మళ్లీ బిగుసుకుపోతుంది. జారుడు ఎంత ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది. మా బండికి 40 నుంచి 50 మిల్లీమీటర్లు.

ఇక అసలు ఉపాయం. చదునైన గట్టి నేల మీద బండిని మొదటి గేరులో నెమ్మదిగా, తిన్నగా నడపమని ఆపరేటర్‌కు చెప్పాను. నేను అతనికి కనిపించేంత దూరంలో పక్కనే నడుస్తూ, ‘టక్’మన్న ప్రతిసారీ ఒక కొబ్బరి ఈనె నేలలో గుచ్చాను. అయిదు ఈనెలు గుచ్చాక టేపు పట్టి చూస్తే ఒక్కో దానికి మధ్య దూరం 8 మీటర్లకు రవ్వంత తక్కువ. మా చైనుకు 39 లింకులు, ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు 20 సెంటీమీటర్ల పైచిలుకు. రెండూ గుణిస్తే ఆ దూరమే! చైను ఒక చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకసారి మోగుతోంది. అంటే తప్పు చైనులోనే, అదీ ఒక్కచోటే. అదే స్ప్రాకెట్‌దైతే చైను ఒక చుట్టు తిరిగేలోపు దాదాపు మూడుసార్లు మోగాలి. కింది రోలర్‌దైతే (బండి బరువు మోసే చిన్న చక్రం) మీటరు కూడా దాటకుండానే మళ్లీ వినిపించాలి. ఫైనల్ డ్రైవ్ లోపలి చిన్న గేర్లు స్ప్రాకెట్ కంటే వేగంగా తిరుగుతాయి కాబట్టి వాటి శబ్దం ఇంకా దగ్గర దగ్గరగా ఉంటుంది. మెకానిక్ చెవికి అందనిది ఈనెలు చెప్పాయి.

తర్వాత బండిని ఆపి, ఇంజన్ కట్టేసి, రోలర్ గార్డు (కింది రోలర్ల పక్కన ఉండే ఇనుప పలక) లోపలి వైపు టార్చి వేశాను. తుప్పు, మట్టి మరకల మధ్య వేలెడు వెడల్పున ఒక గీత, కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. దానికి ఏది తగులుతోందా అని బండిని జానెడు జానెడు జరిపిస్తూ ఒక్కో లింకూ చూశాం. ఒక పిన్ను తన రంధ్రంలోంచి పక్కకు జరిగి, అర వేలంత బయటికి వచ్చి ఉంది. కడగక ముందు దాని మీద మట్టి ముద్ద టోపీలా కూర్చుని ఉండటంతో రెండుసార్లు చూసినా పట్టుకోలేకపోయాను. లింకు రంధ్రం అరిగిపోయింది కాబట్టి సుత్తితో లోపలికి కొట్టి ఊరుకుంటే లాభం లేదు. చైను విప్పి, ప్రెస్ ఉన్న వర్క్‌షాపుకు పంపి, ఆ లింకు, పిన్ను మార్పించాం. ఫైనల్ డ్రైవ్ నట్టు ఒక్కటీ కదపలేదు.

మీ బండి వెనక్కి వచ్చేటప్పుడే మోగుతుంటే బుష్‌ల అరుగుదలను ముందు అనుమానించండి. వెనక్కి నడిచేటప్పుడు బరువంతా బుష్‌కు, స్ప్రాకెట్ పంటికి మధ్య పడుతుంది. నూనె నింపిన రకం చైనైతే రెండు గంటలు పని చేశాక పిన్నుల వరుస మీద నీళ్లు చల్లండి. నూనె పోయిన పిన్ను దగ్గర తడి మిగతావాటికంటే ముందే ఆవిరైపోతుంది. చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది.

చైను వదులు చేయాల్సి వస్తే, దాన్ని బిగించి ఉంచే గ్రీజును బయటికి వదిలే వాల్వుకు ఎదురుగా ముఖం పెట్టకండి. వాల్వును ఒక్క చుట్టుకు మించి తిప్పకండి. లోపలి గ్రీజు ఒత్తిడి చర్మంలోకి దిగేంత ఉంటుంది.

ఈనెల మధ్య దూరం, లింకుల లెక్క, పిన్ను నుంచి పిన్నుకు కొలత ఇక్కడ రాయండి. దూరం చైను పొడవుతో కలవకుండా బాగా తక్కువ వస్తే అప్పుడు ఫైనల్ డ్రైవ్ నూనె కొంచెం తీసి గుడ్డ మీద పోసి చూడండి. ఇనుప రజను మెరిస్తే మీ మెకానిక్ మాటే నిజం.