ధన్యవాదాలు అన్న మాట లేకుండానే ఉత్తరం రాయవచ్చు

పదో తరగతిలో లెక్కలు చెప్పిన మాస్టారికి చేతిరాతతో ఉత్తరం రాయాలని ఉందనీ, వాట్సాప్ ఉండగా అది అతిగా కనిపిస్తుందేమోననీ, అసలు ఏం రాయాలో తోచడం లేదనీ మీరు అడిగారు. కొన్నేళ్లుగా ఇలాంటి ఉత్తరాలు రాస్తున్నాను కనుక చెబుతున్నాను: అతిగా ఏమీ కనిపించదు. ఏం రాయాలన్నదే కష్టం.

మన ఇళ్లలో దగ్గరివారికి ధన్యవాదాలు చెప్పే అలవాటు తక్కువ. చెబితే "మేమేమైనా పరాయివాళ్లమా?" అని నొచ్చుకుంటారు. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పంతొమ్మిది రోజులూ మా పెద్ద వదినగారు మల్కాజిగిరి నుంచి రెండు బస్సులు మారి క్యారియర్ తెచ్చారు. నాన్నగారు ఇంటికి వచ్చాక నేను ఒక ఖరీదైన కార్డు కొని, లోపల అచ్చువేసి ఉన్న ఇంగ్లీషు వాక్యాల కింద సంతకం చేసి ఆమెకు ఇచ్చాను. ఆమె నవ్వి, బీరువాలో పెట్టేశారు. ఆ కార్డులో ఆమె చేసిన పని గురించి ఒక్క ముక్క కూడా లేదని నాకు ఆ రాత్రి తట్టింది.

మర్నాడు ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసుకు వెళ్లి ఇన్‌లాండ్ లెటర్లు కొన్నాను. అప్పుడు ఒక్కొక్కటి రెండున్నర రూపాయలు. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, మూడో రోజున నాన్నగారు అన్నం ముట్టనని మొండికేస్తే ఆమె చారన్నం మెత్తగా కలిపి నాలుగు ముద్దలు తినిపించిన సంగతీ, అది చూశాక నేను వరండాలో బెంచీ మీద మూడు రోజుల తరువాత మొదటిసారి కంటి నిండా నిద్రపోయిన సంగతీ రాశాను. ధన్యవాదాలు అన్న మాట ఎక్కడా వాడలేదు. ఉత్తరం అందిన సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "ఆ రోజు చారులో మిరియాలు ఎక్కువయ్యాయేమోనని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను" అన్నారు. ఆ తరువాత కాసేపు ఇద్దరం మాట్లాడలేకపోయాము.

అదే రోజుల్లో, అర్ధరాత్రి నాన్నగారిని ఆసుపత్రికి చేర్చి, తెల్లవారేదాకా బయటే కాచుకుని ఉన్న ఆటో డ్రైవరుకు కూడా రాశాను. ఆయనది శాలిబండ, ఉర్దూ తప్ప చదవలేరు. నేను తెలుగులో రాసి, చివరి రెండు వాక్యాలు నా సహోద్యోగి చేత ఉర్దూలో రాయించుకుని, కుడి నుంచి ఎడమకు ఒక్కొక్క అక్షరమే చూసి దించాను. వంకరగా వచ్చాయి. మిగిలినది బడిలో తెలుగు నేర్చుకుంటున్న తమ అమ్మాయి రెండుసార్లు చదివి వినిపించిందని ఆయన తరువాత చెప్పారు. ఎదుటివారి లిపిలో ఒక్క వాక్యమైనా రాయడానికి పడే శ్రమ వృథా పోదని నాకు గట్టి నమ్మకం.

ఇక మీ మాస్టారి విషయం. "మీరు నా జీవితాన్ని మార్చారు" అని మొదలుపెట్టకండి. అది ఏ మాస్టారికైనా సరిపోతుంది. ఆయన బోర్డు మీద చేయించిన ఏ లెక్క మీకు ఇప్పటికీ గుర్తుందో, తప్పు చేసినప్పుడు ఆయన ఏమన్నారో, ఆ తరువాత అది మీకు ఎక్కడ అక్కరకు వచ్చిందో రాయండి. ముందు చిత్తుకాగితం మీద రాసుకుంటే కొట్టివేతలు తగ్గుతాయి. పెద్దవయసు వారు కనుక అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి. ఆ ఉత్తరంలోనే ఏ సహాయమూ, సిఫారసూ అడగవద్దు.

ఇన్‌లాండ్ లెటరులో ఫొటోగానీ మరో కాగితంగానీ పెట్టకూడదు కనుక, పాత తరగతి ఫొటో జతచేయాలనుకుంటే కవరు వాడండి. మందపాటి కార్డు కలిస్తే బరువు 20 గ్రాములు దాటవచ్చు. కౌంటరులో తూయించి స్టాంపులు అంటించండి, లేకపోతే తక్కువపడిన రుసుము మాస్టారే కట్టవలసి వస్తుంది. ఆరంకెల పిన్‌కోడ్‌తో మీ చిరునామా కూడా స్పష్టంగా రాయండి. మా వదినగారు ఫోన్ చేశారు కానీ, మాస్టారు తిరిగి ఉత్తరమే రాయాలనుకోవచ్చు.