చెన్నై డిసెంబరు కచేరీలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డిసెంబరు ఆఖరి వారంలో మా అత్తగారు, నేను నాలుగు రోజులు చెన్నైలో ఉండి కచేరీలు వినాలనుకుంటున్నాము. రేడియోలో విని ఆనందించడమే తప్ప మేమిద్దరమూ సంగీతం నేర్చుకోలేదు. ఆవిడకు డెబ్బై దాటాయి. ఏయే సభలకు వెళ్లాలి? రోజుకు ఎన్ని కచేరీలు వినవచ్చు? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఎన్ని వినవచ్చు అన్న ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిసారి వెళ్లేవారు ఎక్కువగా పొరబడేది అక్కడే. ఆ నెలలో సభలన్నీ, అంటే అక్కడి సంగీత సంస్థలన్నీ, కలిపి వందల కచేరీలు ఏర్పాటు చేస్తాయి. పత్రికల్లో వచ్చే పట్టిక చూస్తే ఏ పూటకు ఆ పూట వదులుకోలేని పేర్లే కనిపిస్తాయి. ఆ ఆరాటంలో ఒకచోట అరగంట కూర్చుని, ఆటో ఎక్కి మరొకచోటికి పరుగెత్తితే, ప్రతి కచేరీలోనూ ప్రధాన కీర్తన మొదలయ్యే వేళకు మీరు రోడ్డు మీద ఉంటారు. రోజుకు రెండు చాలు: మధ్యాహ్నం ఒక యువ కళాకారుడిది, సాయంత్రం ఒక పేరున్న విద్వాంసుడిది. రెండింటినీ మొదట పాడే వర్ణం నుంచి చివరి మంగళం దాకా పూర్తిగా వినండి.

అత్తగారితో వెళ్తున్నారు కనుక మైలాపూరు, ఆళ్వారుపేట పరిసరాల్లోనే బస చూసుకోండి. మ్యూజిక్ అకాడమీ, నారద గాన సభ రెండూ టి.టి.కె. రోడ్డులోనే ఉన్నాయి, మైలాపూరు ఫైన్ ఆర్ట్స్ క్లబ్ కూడా దగ్గరే. నాట్యం చూడాలనుకుంటే ఒక సాయంత్రాన్ని తిరువాన్మియూరులోని కళాక్షేత్రకు కేటాయించండి. రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన ఆ సంస్థలో చెట్ల నడుమ నడిచి రంగస్థలం చేరుకోవడమే ఒక అనుభవం. చాలా సభల్లో మధ్యాహ్నపు కచేరీలకు టికెట్ ఉండదు. సాయంత్రం వాటికి సీజన్ టికెట్లు తీసుకున్నవారు ముందే చాలా సీట్లు ఆక్రమిస్తారు కాబట్టి రోజువారీ టికెట్ల కోసం ముందుగానే ప్రయత్నించాలి. ఉదయం పూట అకాడమీలో జరిగే సోదాహరణ ప్రసంగాలను, శాస్త్రం తెలియదన్న భయంతో వదిలిపెట్టకండి. వాటిలో పాడి వినిపించేదీ చాలా ఉంటుంది.

సంగీతం నేర్చుకోలేదని మీరు సంకోచిస్తున్నారు గాని, ఆ హాలులో చాలామందికి లేని ఒక సంపద మీ దగ్గర ఉంది: అక్కడ పాడే సాహిత్యంలో పెద్ద భాగం మీ మాతృభాషలోనే ఉంటుంది. త్యాగరాజస్వామి, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య రచనలను విద్వాంసులు ఎంతో శ్రమించి నేర్చుకుంటారు. మీకు ఆ మాట చెవిన పడగానే అర్థమవుతుంది. ఉదాహరణకు కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’ పాడేటప్పుడు చాలామంది ‘మమతా బంధన యుత నరస్తుతి సుఖమా’ అన్న చోట ఆగి, ఆ ఒక్క పాదాన్నే తాళం తప్పకుండా, రాగంలో అప్పటికప్పుడు రకరకాలుగా మలుస్తూ తిప్పి తిప్పి పాడతారు. దానినే నెరవు అంటారు. మమకారాలలో చిక్కుకున్న మనిషిని పొగడటం సుఖమా అన్న ప్రశ్న ఒకసారి నిలదీసినట్లు, మరొకసారి తనను తానే అడుగుకున్నట్లు వినిపిస్తుంది. రాగలక్షణం తెలిసినవారు సైతం భాష రాకపోతే ఈ తేడాను సగమే అందుకోగలరు. అప్పుడప్పుడు పదాన్ని తప్పుచోట విరిచి పాడటం వినబడితే మనసు చివుక్కుమంటుంది, నిజమే; అయినా ఆ కీర్తనలను తరతరాలుగా ప్రాణప్రదంగా కాపాడుతున్న తమిళ గాయకుల పట్ల నాకు కృతజ్ఞతే ఎక్కువ.

ప్రశ్న: ఈ కచేరీలన్నీ డిసెంబరులోనే ఎందుకు? – ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, వాటితో పాటు అఖిల భారత సంగీత సమావేశాన్ని కూడా నిర్వహించారు. అక్కడ పుట్టిన ఆలోచనే 1928లో మ్యూజిక్ అకాడమీగా రూపుదాల్చింది. కాలక్రమేణా దాని వార్షిక సమావేశాలు డిసెంబరులో స్థిరపడగా, మిగిలిన సభలూ అదే బాట పట్టాయి. సభలు అంతకు ముందు లేవని కాదు. తిరువల్లిక్కేణిలోని పార్థసారథి స్వామి సభ 1900 నాటిది. పైగా డిసెంబరు మధ్యలో మొదలయ్యే మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, పెళ్లి ముహూర్తాలు ఉండవు, ఎండ తీవ్రతా తగ్గుతుంది కనుక కచేరీలకు ఆ కాలం అనువుగా కుదిరింది.

ప్రశ్న: మా అబ్బాయి మృదంగం నేర్చుకుంటున్నాడు. పోయిన ఏడాది చెన్నైలో ఒక కచేరీకి తీసుకువెళ్తే, తని ఆవర్తనం (మృదంగం, తోటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే జనం లేచి వెళ్లిపోవడం చూసి చిన్నబోయాడు. వాడికి ఏం చెప్పాలి? – ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి బాధ న్యాయమైనదని చెప్పండి. పాట ఆగింది కనుక అది విరామ సమయమని కొందరు అనుకుని క్యాంటీన్ వైపు నడుస్తారు. నిజానికి పాట ఆగదు. గాయకుడు విడిచిన చోటే అది వేచి ఉంటుంది. అంతసేపూ ఆయన చేయి తొడ మీద తాళం వేస్తూనే ఉంటుంది. ఆది తాళమైతే ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు, మొత్తం ఎనిమిది. మృదంగం, ఘటం లేదా కంజీర వంతులవారీగా వాయిస్తూ, క్రమంగా ఆ వంతులను కుదించుకుంటూ వచ్చి, చివరికి కలిసి వాయించే ముగింపు లయవరుసను, అంటే ముక్తాయింపును, మూడుసార్లు పలికిస్తాయి. అది సరిగ్గా ఆగిన పాదం ఎత్తుగడ మీద వచ్చి వాలగానే గాయకుడు అదే మాట అందుకుంటాడు. లేచి వెళ్లినవారు పోగొట్టుకునేది ఆ క్షణాన్నే.

ఈసారి మీరిద్దరూ తాళం వేస్తూ కూర్చోండి. సాధారణంగా మృదంగ విద్వాంసుడు గాయకుడికి కుడిపక్కన, అంటే మన ఎడమచేతి వైపున కూర్చుంటాడు. కుడిచేతి వాటమైతే ఆయన మృదంగం కుడి మూత ప్రేక్షకుల వైపుకే తిరిగి ఉంటుంది. కాబట్టి ఎడమవైపు ముందు వరుసల్లో సీట్లు తీసుకోండి. నల్లని పూత మీద ఆ వేళ్లు ఎక్కడ పడుతున్నాయో, కచేరీకి ముందు ఎడమ మూతకు అంటించిన తడి రవ్వముద్ద ఆ నాదాన్ని ఎంత గంభీరంగా మారుస్తున్నదో మీ అబ్బాయి అక్కడి నుంచి దగ్గరగా గమనించగలుగుతాడు.