టెక్సాస్ పాఠం చెప్పబోయే హారికకు పెద్దమ్మ ఉత్తరం

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఏడో తరగతికి టెక్సాస్ చరిత్ర చెప్పే ఉద్యోగం వచ్చిందని నేను సంతోషించేలోపే, "పశువులు, పత్తి, రైళ్లు మూడూ మూడు వారాల్లో అయిపోవాలట, అనంతపురంలో చదువుకున్నదాన్ని, ఈ కౌబాయ్‌ల సంగతి నాకేం తెలుసు పెద్దమ్మా" అని నీ టెన్షన్ కూడా పంపించావు. ఫోన్లో చెబితే మీ ఇంట్లో పిల్లల గోలకి సగం వినపడదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. రిటైరయ్యాక నాకు మాత్రం ఇంకేం పని?

నీ ప్లానులో మొదటి వారం పశువులు, రెండో వారం పత్తి, మూడో వారం రైళ్లు అని ఉంది. అది మార్చెయ్. అలా విడదీస్తే పిల్లల దగ్గర మూడు జాబితాలు మిగులుతాయి, పరీక్ష మర్నాడు అవీ ఉండవు. నిజానికి మూడూ ఒకే లెక్క. సరుకు ఒకచోట ఉంది, కొనేవాడు ఇంకెక్కడో ఉన్నాడు, మధ్యలో బోలెడు దూరం. ఆ దూరం ఎవరు దాటించారు? దాటించినందుకు ఎంత తీసుకున్నారు? చివరికి ఎవరి చేతిలో ఎంత మిగిలింది? ఈ మూడు ప్రశ్నలూ బోర్డు మీద ఒక మూల రాసి పెట్టు. మూడు వారాలూ చెరపకు.

ఎద్దుతో మొదలుపెట్టు. 1865లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో లాంగ్‌హార్న్ అనే పొడుగు కొమ్ముల పశువులు లక్షల్లో ఉన్నాయి, సగం అడవి జంతువుల్లా తిరుగుతూ. కొనేవాడు లేడు. ఇక్కడ తలకు 4 డాలర్లు పలికే ఎద్దు ఉత్తరాది నగరాల్లో 40 డాలర్లు పలికేది. అయితే రైలు పట్టాలు ఉన్నది కాన్సాస్‌లో. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి అక్కడి ఆబిలీన్ స్టేషన్ దగ్గర పశువుల దొడ్లు కట్టించాడు. ఇక టెక్సాస్ నుంచి మందల్ని నడిపించుకుంటూ పోవడం మొదలైంది.

ఇక్కడ కథ ఆపి పిల్లల చేత లెక్క కట్టించు. 2,500 పశువుల మంద, దాన్ని తోలడానికి 12 మంది, రోజుకు 10 నుంచి 15 మైళ్ల చొప్పున ఇంచుమించు మూడు నెలల నడక. కొన్నది 10,000 డాలర్లకి, అమ్మింది లక్షకి. మనిషికి నెలకు 35 డాలర్ల జీతం వేసుకున్నా మొత్తం 1,260 దాటదు. తిండి ఖర్చు, దారిలో చచ్చినవి, నదుల్లో కొట్టుకుపోయినవి తీసెయ్యమను. ఎంత తీసినా ఇంకా బోలెడు మిగులుతుంది. అప్పుడు ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు, "మరి అందరూ ఇదే పని ఎందుకు చెయ్యలేదు?" అని. నువ్వు చెప్పాల్సిందంతా ఆ ప్రశ్నకు జవాబుగా చెప్పు. పిడుగు పడితే బెదిరి పరిగెత్తే మందలు, పొంగే రెడ్ రివర్, మన పశువుల వల్ల తమ పశువులకు జ్వరం తగిలి చస్తున్నాయని తుపాకులతో అడ్డం నిలబడ్డ కాన్సాస్ రైతులు. అడగకముందే ఇదంతా చెప్పావనుకో, ఆవలింతలే.

కౌబాయ్ అనగానే పిల్లల బుర్రలో సినిమా హీరో ఉంటాడు. వాడిని తిట్టనక్కర్లేదు, పక్కన నిజం మనుషుల్ని నిలబెట్టు చాలు. మంద తోలినవాళ్లలో నల్లవాళ్లు, మెక్సికన్లు చాలామంది ఉన్నారు. తాడు విసరడం, జీను కట్టడం లాంటి పనితనమంతా వకేరోలనే మెక్సికన్ పశువుల కాపరుల నుంచి వచ్చినదే. లాభం లెక్క కట్టాక నెల జీతం అంకె మళ్లీ చూపించు. ఆ హీరో కూలివాడని వాళ్లకే తెలుస్తుంది.

రెండో మలుపు ఇంకా ముఖ్యం. రైలు దూరంగా ఉండబట్టే ఆ నడక పుట్టింది. 1876లో రైలు ఫోర్ట్ వర్త్ దాకా వచ్చేసింది, ముళ్లకంచెలూ వచ్చాయి, ఇక కాన్సాస్ దాకా నడవాల్సిన పని ఏముంది? ఇన్ని పాటలూ సినిమాలూ తీసిన ఆ మందల కాలం గట్టిగా ఇరవై ఏళ్లు. ఇది వింటే పిల్లలు నమ్మరు, టైమ్‌లైన్ గీయించు.

రైళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగు. మన డల్లాస్ కథే చెప్పు. 1872లో దక్షిణం నుంచి హ్యూస్టన్ అండ్ టెక్సాస్ సెంట్రల్ వచ్చింది. తూర్పు నుంచి పడమరకు పోయే టెక్సాస్ అండ్ పసిఫిక్ మాత్రం డల్లాస్‌కు దక్షిణంగా దూరం నుంచి వెళ్లిపోయే ప్రమాదం కనిపించింది. అప్పుడు శాసనసభలో ఒక సభ్యుడు బిల్లులో చిన్న వాక్యం చేర్చాడు: లైను బ్రౌడర్ స్ప్రింగ్స్‌కు మైలు లోపల పోవాలి. అదెక్కడుందో ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే అది డల్లాస్ ఊరి పక్కన ఉన్న నీటి ఊట! అలా రెండు లైన్లు కలిసే ఊరయింది డల్లాస్. 1880లో పదివేల చిల్లర జనం, 1890కి 38,000. పిల్లలకు ఈ కథ మహా ఇష్టం, మోసం ఉంది కదా మరి.

ఫోర్ట్ వర్త్ కథ ఇంకా బాగుంటుంది. 1873 ఆర్థిక సంక్షోభంతో రైలు పని డల్లాస్ అవతల ఆగిపోయింది. ఫోర్ట్ వర్త్ ఖాళీ అయింది, నడివీధిలో చిరుత నిద్రపోతోందని డల్లాస్ పత్రికలో ఎగతాళి రాశారు. శాసనసభ సమావేశాలు ముగిసేలోగా పట్టాలు చేరకపోతే రైలు కంపెనీకి రావాల్సిన భూమి రాదు. ఊళ్లోవాళ్లే పలుగూ పారా పట్టుకుని కట్ట వేశారు. అక్కడ రాజధాని ఆస్టిన్‌లో జబ్బుతో ఉన్న సభ్యుడు డార్నెల్‌ను రోజూ మంచంతో సహా సభకు మోసుకొచ్చి, సభ ముగించొద్దని ఓటు వేయించారట. 1876 జులై 19న బండి వచ్చింది. ఆ చిరుత బొమ్మ ఇప్పటికీ ఫోర్ట్ వర్త్ పోలీసుల బ్యాడ్జి మీద ఉంది.

ఈ కథలన్నిటి వెనక భూమి ఉందని మాత్రం మరవనివ్వకు. మైలు పట్టా వేస్తే 16 సెక్షన్లు, అంటే 16 చదరపు మైళ్ల భూమి ఇచ్చారు. 1882లో ఆ చట్టం ఎత్తేసేసరికి కంపెనీలకు పోయింది 3 కోట్ల 20 లక్షల ఎకరాలు. 1870లో రాష్ట్రం మొత్తం మీద 500 మైళ్ల పైచిలుకు పట్టాలు, 1890కి 8,000 మైళ్ల పైన. ఈ రెండు అంకెలూ చాలు, మిగతావి బట్టీ పట్టించకు.

ఇంత భూమి ఎక్కడినుంచి వచ్చింది? "ఖాళీ భూమి" అనే మాట క్లాసులో ఎవరు అన్నా, పాఠ్యపుస్తకంలో ఉన్నా సరే, అక్కడే ఆపు. అది కొమాంచీలు, కయోవాలు అనే ఆదివాసీ తెగలు తిరిగిన నేల. వాళ్ల బతుకు అడవిదున్నల మీద. 1870లలో వేటగాళ్లు ఆ మందల్ని తుడిచిపెట్టారు. తోళ్లు రైలెక్కి తూర్పు ఫ్యాక్టరీలకు పోయి యంత్రాల బెల్టులయ్యాయి. చూశావా, దూరం లెక్క ఇక్కడా ఉంది. 1874 సెప్టెంబరులో పాలో డురో లోయలో కర్నల్ మెకెంజీ సైన్యం కొమాంచీల వెయ్యికి పైగా గుర్రాల్ని పట్టుకుని కాల్చేసింది. మరుసటి ఏడాది కొమాంచీల నాయకుడు క్వానా పార్కర్ లొంగిపోయాడు. ఇంకో ఏడాది తిరిగేసరికి అదే లోయలో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి మందలు మేస్తున్నాయి. ఈ మూడు సంవత్సరాలూ ఒకే వరసలో బోర్డు మీద రాసి, నువ్వేమీ మాట్లాడకు. కాసేపయ్యాక, రైలు లైను మీద వెలిసిన ఒక ఊరికి ఆ క్వానా పేరే పెట్టారని చెప్పు. దాని మీద వాళ్లే వాదించుకుంటారు.

కంచెల గొడవకు ఒక పీరియడ్ చాలు. 1874లో గ్లిడెన్ అనే ఆయన ముళ్లతీగకు పేటెంట్ వచ్చింది, పదేళ్లలో మేత నేలంతా కంచెలు. 1883లో కరువొచ్చి నీళ్ల చెరువులు కంచె లోపల పడిపోయేసరికి, రాత్రుళ్లు తీగలు కత్తిరించడం, తుపాకులు పేల్చుకోవడం. మరుసటి ఏడాది కంచె కత్తిరిస్తే జైలని చట్టం చేశారు, దారికి అడ్డంగా కంచె వేస్తే మూడు మైళ్లకో గేటు పెట్టాలన్నారు. దీన్ని సభలాగా పెట్టి రెండు జట్లతో వాదించించు, బ్రహ్మాండంగా వస్తుంది. రైలు లైను ఏ ఊరికి రావాలనే దాని మీద కూడా పెట్టొచ్చు. కానీ బానిసత్వం, కౌలు రైతులు, కొమాంచీలు, ఇవి పిల్లల చేత నటింపజేయకు. సరదా కోసం చేసిన ఆటలో ఒక బిడ్డ తలదించుకుని కూర్చుంటుంది, తర్వాత ప్రిన్సిపాల్ గదిలో నువ్వు కూర్చుంటావు.

పత్తికి వద్దాం. ఇక్కడ నీకు ఎవరికీ లేని సౌకర్యం ఒకటి ఉంది. డల్లాస్ పక్కనున్న మన ఫ్రిస్కో, ప్లేనో ఇళ్ల కింద ఉన్నది అచ్చమైన నల్లరేగడి. ఎండాకాలం అర చెయ్యి పట్టేంత బీటలు, వానొస్తే చెప్పుకి కిలో బురద. ప్రతి ఆగస్టులోనూ మీ ఆయన ఫౌండేషన్ పగలకుండా ఇంటి చుట్టూ సన్న గొట్టంతో నీళ్లు పెడతాడే, ఆ నేలే. ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఎండిన గడ్డ తీసుకెళ్లి, క్లాసులో నీళ్లు పోసి చేతికిచ్చి పిసకమను. ఇప్పుడు ఈ బురదలో ఎద్దుల బండి మీద పత్తి బేళ్లు వేసుకుని హ్యూస్టన్ దాకా పోగలరా అని అడుగు. నేల బంగారమే, రైలు వచ్చేదాకా సరుకు కదలదు. రైలొచ్చాక ఊరూరా జిన్ను, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లు, స్టేషన్ పక్కన బేళ్ల గుట్టలు. 1860లో 4.3 లక్షల బేళ్లు పండిన రాష్ట్రంలో 1900లో 30 లక్షలు దాటాయి.

ఆ 1860 బేళ్లు బానిసల చేత పండించినవని ముందే చెప్పు. ఆ ఏడు జనాభా లెక్కల్లో టెక్సాస్‌లో 1,82,566 మంది బానిసలున్నారు. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో విముక్తి ఉత్తర్వు వెలువడ్డాక వాళ్లకు స్వేచ్ఛ వచ్చింది, భూమి రాలేదు. దాంతో ఇతరుల పొలంలో పంటలో వాటా ఇచ్చే సాగు. పోనుపోను తెల్ల రైతులు కూడా ఇందులోనే పడ్డారు, 1900 నాటికి రాష్ట్రంలో దాదాపు సగం కమతాలు కౌలువే.

రెండో లెక్క ఇక్కడ. ఒక బేలు 500 పౌన్లు. అందుకు గింజతో ఉన్న పత్తి ఇంచుమించు 1,500 పౌన్లు ఏరాలి. గట్టి మనిషి రోజుకు 150 నుంచి 200 ఏరతాడు. 1894లో పౌను ధర 5 సెంట్ల కిందికి పడింది. 5 సెంట్లే అనుకున్నా బేలుకి 25 డాలర్లు. సగపాలు భూస్వామికి పోతే పన్నెండున్నర. అందులో జిన్ను కూలి, ఆపైన విత్తనం నుంచి పిండి దాకా కొట్టులో రాసిన అప్పు, వడ్డీతో. మిగిలేది బోర్డు మీద రాయమను. మనవైపు షావుకారి పద్దు చూసినవాళ్లకి ఇది వివరించాల్సిన పనే లేదు. ఇక్కడి పిల్లలకు మాత్రం అంకెలతోనే అర్థమవుతుంది.

తర్వాత ల్యూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ 1913లో ఇక్కడి పత్తి చేలలో తీసిన ఫొటోలు చూపించు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో ఉచితం. ఐదారేళ్ల పిల్లలు తమకన్నా పొడుగు సంచి భుజానికి తగిలించుకుని ఉంటారు. ఏడో తరగతి పిల్లలకు ఇంతకన్నా ఉపన్యాసం వద్దు.

ఆ కోపం ఎటు పోయిందో కూడా చెప్పాలి. 1877లో లాంపాసస్ కౌంటీలో రైతులు కూడి మొదలుపెట్టిన ఫార్మర్స్ అలయన్స్ దేశమంతా పాకింది. 1886లో నల్ల రైతులు వేరే అలయన్స్ పెట్టుకున్నారు. రైలు చార్జీల మీద గోల ఎక్కువై 1891లో గవర్నర్ జిమ్ హాగ్ రైల్‌రోడ్ కమిషన్ పెట్టాడు. అది ఇప్పటికీ ఉంది, ఆ పేరుతోనే. చేసే పని చమురు, గ్యాసు నియంత్రణ, రైళ్లతో ఏ సంబంధమూ లేదు! ఎన్నికలప్పుడు ఆ పోస్టు బ్యాలెట్‌లో చూసి మనవాళ్లు రైల్వే శాఖ అనుకుంటారు.

నీ క్లాసులో మన పిల్లలు బాగానే ఉంటారు. "మా తాతయ్య వరంగల్లో పత్తి వేస్తారు" అని ఎవరైనా చెయ్యెత్తితే చెప్పనివ్వు, నువ్వుగా మాత్రం "ఇండియాలో ఎలా ఉంటుందో నువ్వు చెప్పు" అని లేపకు. ఒక నిజమైన లింకు కావాలంటే ఇదుగో: అంతర్యుద్ధంలో దక్షిణాది రేవులు మూతపడితే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి, బొంబాయిలో ధరలు ఆకాశానికి ఎక్కి, యుద్ధం ఆగగానే కూలాయి. రెండు నిమిషాలు చాలు.

ఊరినే పాఠంగా వాడుకో. ఫ్రిస్కో అన్న పేరే సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేది, 1902లో ఆ లైను మీద పుట్టిన ఊరు. వాళ్ల అమ్మానాన్నలు రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకునే ప్రెస్టన్ రోడ్డు చాలావరకు పాత షానీ ట్రయిల్ దారి, పశువులు నడిచింది అక్కడే.

టైము చాలకపోతే ఎక్స్ఐటీ రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రం కథ కుదించు: చికాగో కంపెనీకి 30 లక్షల ఎకరాలిచ్చి ఆస్టిన్‌లో క్యాపిటల్ భవనం కట్టించుకున్నారు, అంతే, రెండు వాక్యాలు. లెక్కలు రెండూ, బురద డబ్బా మాత్రం వదలకు. ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌కు, అంటే పాత పశువుల సంతకు, తీసుకెళ్లేట్టయితే పొద్దున పదకొండున్నరకు లాంగ్‌హార్న్‌ల నడక ఉంటుంది, బస్సు పదిన్నరకే అక్కడ ఉండాలి. పర్మిషన్ స్లిప్పులు నెల ముందే పంచు, మనవాళ్లు సంతకం పెట్టడానికి వారం, దాన్ని బ్యాగులోంచి తియ్యడానికి ఇంకో వారం తీసుకుంటారు. 1870, 1890 రైలు మ్యాపులు నా దగ్గర ఉన్నాయి, ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

ఇట్లు,
మీ పెద్దమ్మ