మ్యూజియం సరే, బండి ఎక్కడ పెట్టాలి?

సెలవులు దగ్గరపడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం విశాఖ బీచ్ రోడ్డు గురించే. మ్యూజియంలో ఏముందో చాలామందికి తెలుసు. ఏ దారిన వెళ్ళాలి, ఏ పూట వెళ్ళాలి, కారు ఎక్కడ ఆపాలి అన్న దగ్గరే చిక్కు. హైదరాబాదు మీద, మన ఊళ్ళ మీద వచ్చిన ప్రశ్నలకు కూడా ఇక్కడే జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఆదివారం కారులో విశాఖ వెళ్ళి కురుసుర జలాంతర్గామి, దాని ఎదుటి విమానం, విశాఖ మ్యూజియం మూడూ చూడాలని ఉంది. మా అత్తగారు కూడా వస్తారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కిందటిసారి బీచ్ రోడ్డులో పార్కింగ్ కోసం తిరగడంతోనే సరిపోయింది. – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఆ మూడూ ఒకే రోడ్డు మీద, నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. కాబట్టి కారు ఒక్కసారే ఆపండి. కురుసుర చూసి మళ్ళీ కారెక్కి విశాఖ మ్యూజియం ముందు ఇంకో చోటు వెతుక్కోవడం వల్లే ఎక్కువమందికి పూట గడిచిపోతుంది. కాళ్ళకు పది పదిహేను నిమిషాల పనిని కారుకు అప్పజెప్పకండి.

దారి విషయానికొస్తే, ఆనందపురం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరుసల బైపాస్ అక్కడే చీలుతుంది. వేగంలో అటు ఎక్కేస్తే తిరిగి రావడానికి చాలా దూరం పోవాలి. విశాఖ నగరం వైపు బోర్డు చూసుకుని మధురవాడ, ఎండాడ మీదుగా హనుమంతవాక దాకా రండి. అక్కడ మద్దిలపాలెం వైపు నేరుగా పోకుండా ఎడమకు తిరిగి విశాలాక్షినగర్ మీదుగా బీచ్ రోడ్డు పట్టుకోండి. ఇలా రావడంలో రెండు లాభాలున్నాయి. మద్దిలపాలెం జంక్షన్ రద్దీ తప్పుతుంది. అదీగాక అప్పూఘర్ వైపు నుంచి దక్షిణంగా వస్తుంటే సముద్రం మీ ఎడమ చేతికి ఉంటుంది. కురుసుర కూడా సముద్రం వైపే ఉంది కనుక అత్తగారిని సరిగ్గా దాని ముందే దింపొచ్చు, రోడ్డు దాటించే పని ఉండదు. కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి వస్తే ఇది తిరగబడుతుంది: టీయూ-142 విమానం ఉన్న పక్క మీకు ఎడమవుతుంది.

అందరినీ దింపాక డ్రైవరు ఒక్కరే కారు పెట్టి రావాలి. జలాంతర్గామి ఎదురుగానే పెట్టాలన్న పట్టుదల వద్దు. అందరూ ముందు వెతికే చోటు అదే, ముందు నిండేదీ అదే. అక్కడికి కాస్త ముందో, దాటాకో, పార్కింగ్ గీతలు ఉన్న చోట ఆపండి. ఊరి వైపు వీధుల్లో పెట్టాల్సి వస్తే నో పార్కింగ్ బోర్డు లేదని, ఎవరి గేటుకీ అడ్డం లేదని, మలుపు మీద లేదని చూసుకోండి. ఇసుక పేరుకున్న అంచు మీదకు చక్రాలు దించకండి. పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ బరువు పడగానే చక్రం కూరుకుపోతుంది, ఎక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోతుకు దిగుతుంది. అలా దిగితే తొక్కడం ఆపి, చక్రం ముందున్న ఇసుక చేత్తో తీసి, కారులోని రబ్బరు మ్యాట్ చక్రం కిందకు తోసి, రెండో గేరులో నెమ్మదిగా కదిలించండి.

రోజు, వేళ కూడా ముఖ్యమే. కురుసురకు సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, ఆదివారం మాత్రం పొద్దున కూడా ఉంటుంది. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి వేళలు ఖాయం చేసుకోండి. శ్రీకాకుళంలో ఏడింటికల్లా కారు కదిలితే, మధ్యలో టిఫిన్‌కు ఆగినా పది ప్రాంతాల అక్కడుంటారు. ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక బీచ్‌కి వచ్చే జనం, మ్యూజియంకి వచ్చే జనం కలిసిపోతారు. అప్పుడు చోటు దొరకడం కష్టం, బయటపడటం ఇంకా కష్టం.

అత్తగారి విషయం సూటిగానే చెప్పాలి. కురుసుర 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో విరమించింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దాన్ని సందర్శకుల కోసం వెడల్పు చేయలేదు, చేస్తే జలాంతర్గామిలా ఉండదు కూడా. మెట్లెక్కి లోపలికి వెళ్ళాక ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి దూరాలి. ముందు ఒక కాలు ఎత్తి గడప దాటించి, నడుమూ తలా వంచి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. మోకాలు వంగనివారికి ఇది ఒకసారి కాదు, గది గదికీ ఉంటుంది. వెనక మనుషులు వస్తుంటారు కాబట్టి మధ్యలో వెనక్కి తిరగడమూ తేలిక కాదు. ఆవిణ్ణి ఎదుటి టీయూ-142 ప్రాంగణానికి తీసుకెళ్ళండి. విమానం లోపలికి ఎక్కకపోయినా, అక్కడి ప్రదర్శనశాలలో దాని భాగాలు చూడొచ్చు. మీరు జలాంతర్గామి చూసేటప్పుడు ఆవిడకు తోడుగా ఒకరు ఉండేలా వంతులు వేసుకోండి. కారులో కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించి వెళ్ళడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎండలో ఆగిన కారు లోపల కొద్ది నిమిషాల్లోనే ప్రాణాపాయమయ్యేంత వేడెక్కుతుంది.

రెండు చిన్న మాటలు. నాతవలస టోల్ దగ్గర 24 గంటల్లోపు తిరిగొస్తే రానుపోను కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే. ఫాస్టాగ్ ఉంటే తిరుగు ప్రయాణంలో తగ్గించే తీసుకుంటుంది. ఇక సాయంత్రం దాకా సముద్రం ఒడ్డున ఉన్న కారు అద్దం మీద ఉప్పు పొర పడుతుంది. పొడి వైపరు వేస్తే మసక పెరుగుతుంది, గీతలు పడతాయి. ముందు సీసాడు నీళ్ళు పోసి గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే చీకట్లో హైవే ఎక్కండి.

ప్రశ్న: మాకు కారు లేదు. ఇద్దరు పిల్లలతో బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలమా? – గృహిణి, విజయనగరం

జవాబు: హాయిగా రావచ్చు. నిజానికి ఆదివారం నాడు కారున్నవాళ్ళ కంటే మీదే సుఖం. రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. నాన్‌స్టాప్ బస్సులకు ఇది వర్తించదు, కాబట్టి ఎక్కే ముందు బోర్డు చూడండి. తొందరగా చేరాలా, ఖర్చు లేకుండా చేరాలా అన్నది అక్కడే తేల్చుకోవాలి.

ఆర్టీసీ కాంప్లెక్సులో దిగితే బీచ్ మూడు కిలోమీటర్ల లోపే. సింహాచలం – ఆర్కే బీచ్ మధ్య తిరిగే 28 నంబరు సిటీ బస్సు ఉంది. లేదంటే ఆటో. ఆటో అయితే “బీచ్” అని ఊరుకోకుండా “సబ్‌మెరైన్ దగ్గర” అని చెప్పండి. ఉట్టి బీచ్ అంటే కాళీమాత గుడి దగ్గర దింపేస్తారు, అక్కడి నుంచి పిల్లలతో ఎండలో నడవాలి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు కూడా 2025లో మొదలయ్యాయి. పిల్లలకు అదే ఓ సరదా, కానీ మ్యూజియాలు చూశాక ఎక్కండి. ముందు అదెక్కితే పూటంతా దానికే పోతుంది.

రైలు కూడా మంచిదే, విజయనగరం నుంచి గంట ప్రయాణం. సాయంత్రం తిరుగు ప్రయాణంలో జనరల్ బోగీ కిటకిటలాడుతుంది గనుక వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు పెట్టుకుంటే పిల్లలు నలిగిపోరు.

ప్రశ్న: మా బడి నుంచి 50 మంది పిల్లలను ప్రైవేటు బస్సులో తీసుకెళ్తున్నాం. బస్సు ఎక్కడ ఆపాలి? – ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: బస్సును అక్కడే నిలపాలనుకోకండి. పిల్లలను దించే చోటు, ఎక్కించే చోటు, బస్సు వేచి ఉండే చోటు మూడూ వేరని ముందే అనుకోండి. పైన చెప్పినట్టు అప్పూఘర్ వైపు నుంచి రండి. బస్సు తలుపు ఎడమ పక్కనే కాబట్టి పిల్లలు నేరుగా సముద్రం వైపు కాలిబాట మీదకే దిగుతారు. దించగానే బస్సు కదిలిపోవాలి. వేచి ఉండే చోటు గురించి టికెట్ కౌంటరు వద్ద గానీ ట్రాఫిక్ పోలీసుల వద్ద గానీ అడిగి, డ్రైవరు ఫోన్ నంబరు కనీసం ఇద్దరు టీచర్ల దగ్గర ఉండేలా చూడండి.

యాభై మందిని ఒకేసారి జలాంతర్గామిలోకి పంపితే లోపల ఊపిరాడదు, ముందున్నవాళ్ళకు తప్ప గైడ్ మాట వినపడదు. మూడు జట్లుగా విడదీయండి. ఒక జట్టు లోపల ఉన్నప్పుడు ఇంకోటి విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర, మూడోది టీయూ-142లో. రోడ్డు దాటించేటప్పుడు మాత్రం జట్టంతా కలిసి, ముందొక టీచరు, వెనకొక టీచరు ఉండి, డివైడరు మధ్య పిల్లలను ఆపకుండా దాటించండి.

తేదీ పెట్టుకునేటప్పుడు సోమవారం ఎలాగూ వద్దు. డిసెంబరు 4 నేవీ డే చుట్టుపక్కల రోజులు, శివరాత్రి, నిమజ్జనాల రోజులు కూడా వదిలేయండి. బీచ్ రోడ్డు మళ్ళింపులు పెడితే పెద్ద బస్సు తిరగడానికి సందులు చాలవు.

ప్రశ్న: యంత్రం మీద కార్లు పైకెక్కించే పార్కింగ్‌లో మా పెద్ద కారు పెట్టొచ్చా? – వ్యాపారి, రాజాం

జవాబు: ప్రవేశం దగ్గర ఎత్తు, బరువు పరిమితి రాసి ఉంటుంది, ముందు అది చదవండి. పైన క్యారియర్ ఉంటే దాని ఎత్తూ కలుపుకోవాలి. అందరూ సామానుతో సహా ముందే దిగి, డ్రైవరు ఒక్కరే ప్లాట్‌ఫాం మీదకు నడపాలి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేసి, అద్దాలు మడిచి, డిక్కీ సరిగా పడిందో లేదో చూసి దిగండి. తిరిగి తీసుకునేటప్పుడు కార్లు ఒకదాని తర్వాత ఒకటే దిగుతాయి కాబట్టి రైలు అందుకోవాల్సిన రోజున ఆ సమయం కూడా లెక్క వేసుకోండి.

మామూలు పార్కింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. చోటు చాలక ఒక వరుస వెనక ఇంకో వరుస పెట్టించి, “న్యూట్రల్‌లో వదిలేయండి, హ్యాండ్‌బ్రేక్ వద్దు” అంటారు. నేల చదునుగా ఉంటేనే ఒప్పుకోండి. వాలు ఏమాత్రం ఉన్నా వద్దనండి. ఆటోమేటిక్ కారు అయితే పీ (పార్కింగ్) గేరులో పెడితే అంగుళం కదలదు, కదిలించాలని తోస్తే గేరు లాక్ దెబ్బతింటుంది. అలాంటి కారుకు అడ్డం లేని చోటు కావాలని మొదటే అడగండి. రశీదు మీద మీ బండి నంబరు, లోపలికి వచ్చిన వేళ ఉన్నాయో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: సాలార్‌జంగ్ మ్యూజియం చూడటానికి రైల్లో సికింద్రాబాద్ దిగి వెళ్ళాలి. సిటీలో ఎలా వెళ్తే తేలిక? – విశ్రాంత ఉద్యోగి, ఆమదాలవలస

జవాబు: శుక్రవారం సెలవు, ఆ ఒక్కటి గుర్తుంచుకుని టికెట్ తీసుకోండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి కూడా శుక్రవారమే సెలవు.

రైలు సికింద్రాబాద్‌లో ఆగుతుందా, చర్లపల్లిలోనా అన్నది టికెట్ మీద చూడండి. 2025లో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్ళు అటు మారాయి. చర్లపల్లికి మెట్రో లేదు. సికింద్రాబాద్ అయితే సామాను క్లోక్‌రూంలో పెట్టండి, పెట్టెలకు తాళం ఉంటేనే తీసుకుంటారు. ఆ తర్వాత సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషన్‌కి వెళ్ళండి, ఈస్ట్‌కి కాదు. ఈస్ట్‌లో ఎక్కితే పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారాలి. వెస్ట్‌లో గ్రీన్ లైన్ ఎక్కితే ఏడో స్టేషనే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అదే ఆఖరు. అక్కడి నుంచి మ్యూజియం కిలోమీటరు పైచిలుకు, ఆటోలో వెళ్ళండి. పాతబస్తీ వైపు సొంత కారు తీసుకెళ్ళమని ఎవరికీ చెప్పం.

పదింటికి తెరుస్తారు. గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గర పన్నెండింటికి విపరీతమైన రద్దీ. పదకొండు గంటలకే అది చూసేసి, మిగతా గదులకు పొండి. పన్నెండు గంటలకు అందరూ గడియారం దగ్గరుంటారు కనుక ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర మీకు కాస్త తీరిక దొరుకుతుంది.

ప్రశ్న: చుట్టాలు కారులో వస్తున్నారు. విజయనగరం కోట, గురజాడ వారి ఇల్లు, శాలిహుండం ఒక్కరోజులో చూపించొచ్చా? – పాఠకుడు, విజయనగరం

జవాబు: చూపించొచ్చు, పొద్దున్నే మొదలుపెడితే. 1713 నాటి కోట లోపల కాలేజీలున్నాయి, పనిదినాల్లో తరగతులు మొదలయ్యే వేళకు ద్వారం దగ్గర బళ్ళు నిండిపోతాయి. అంతకుముందే వెళ్ళండి, లేదా ఆదివారం పెట్టుకోండి. కారు మీ ఇంటి దగ్గరే ఉంచి ఆటోలో వెళ్తే గంటస్తంభం, మూడు లాంతర్ల సందడిలో ఇరుక్కోరు. గురజాడ ఇల్లు కోటకు దగ్గరే, నడిచే వెళ్ళొచ్చు. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం. ఆ రోజు కోట నుంచి పైడితల్లి అమ్మవారి గుడి దాకా జనమే తప్ప బండి కదలదు, మ్యూజియం ప్రయాణం ఇంకో రోజుకు మార్చుకోండి.

శాలిహుండానికి మాత్రం కారు కావాలి. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గుర్తించిన బౌద్ధ క్షేత్రం అది, గార మండలంలో వంశధార ఒడ్డున కొండ మీద ఉంది. ఎండ తగ్గాక, మూడున్నర ప్రాంతంలో చేరేలా చూసుకోండి. కారు నీడ చూసుకుని కొండ కింద పెట్టి, తలా ఒక నీళ్ళ సీసా పట్టుకుని ఎక్కాలి. బస్సులో వచ్చేవాళ్ళు శ్రీకాకుళంలో ఆటో మాట్లాడుకునేటప్పుడు రానుపోను, మధ్యలో రెండు గంటలు ఆగడం కలిపి బేరమాడండి. ఒకవైపుకే మాట్లాడుకుంటే తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఆటో దొరకదు.