పక్షుల కంటే ముందు నీళ్ల సంగతి చూడు

గుంటూరు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

సూళ్లూరుపేట బడిలో చేరావనీ, ఆదివారాలు పిల్లల్ని వెంటేసుకుని పులికాట్ ఒడ్డుకు వెళ్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఆ సరస్సు కోసం, దాని మీద వాలే ఫ్లెమింగోల కోసం ఏదైనా చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటావని అడిగావట. చాలా సంతోషం తల్లీ. కొల్లేటి దగ్గరా, మన ఉప్పలపాడు చెరువు గట్టు మీదా ఇన్నేళ్లు తిరిగి నేర్చుకున్నదేదో రాస్తున్నాను.

ముందు పక్షుల్ని వదిలేసి నీళ్లెలా వస్తున్నాయో చూడు. ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది పులికాటే. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డం. కాళంగి, ఆరణి లాంటి ఏళ్లు వానాకాలంలో మంచినీళ్లు తెస్తాయి. మనవైపు రాయదొరువు, కొండూరుపాలెం, తమిళనాడు వైపు పళవేర్కాడు ముఖద్వారాల గుండా పోటు నీళ్లు లోపలికొస్తాయి. ఈ రెండు నీళ్లూ కలిస్తేనే అక్కడ రొయ్య, చేప బతికేది. అలలు తెచ్చిన ఇసుక ముఖద్వారంలో మేట వేస్తే పోటు ఆగిపోతుంది. ఎండలకు నీళ్లు ఇంకి, ఉప్పు పెరిగి, ఉత్తరం వైపు నేల నెర్రెలిస్తుంది. అప్పుడు ఎన్ని బోర్డులు పెట్టినా పక్షి నిలవదు. శ్రీహరికోట రోడ్డు కూడా సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. దాని కింద తూములు ఎక్కడెక్కడున్నాయో, ఏవి పూడిపోయాయో నడిచి చూసి రాసుకో. పూడిక తీయమని అర్జీ పెట్టేటప్పుడు ఆ కాగితమే నీకు బలం.

ఒకరోజు పొద్దున్నే ఒడ్డున కూర్చుని ఒక్క ఫ్లెమింగోనే చూడు. కాళ్లతో అడుసు కెలికి, తల కిందులు చేసి, ఆ వంపు ముక్కును నీళ్లలో పెడుతుంది. నాలుకతో నీళ్లు లాగి బయటికి నెడుతుంటే, నాచు, సన్న పురుగులు, పిల్ల రొయ్యలు ముక్కు లోపలి జల్లెడలో ఆగుతాయి. నీళ్లు మరీ లోతైతే అలా మేయలేదు, ఎండిపోతే మేతే ఉండదు. అందుకే నీ నోట్‌బుక్‌లో పక్షుల సంఖ్య ఒక్కటే రాస్తే చాలదు. తేదీ, నీళ్లు చీలమండ వరకా మోకాలి వరకా అన్నది కూడా రాయి.

లెక్కపెట్టడం కష్టమేం కాదు. ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పదీ ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకో. తర్వాత గుంపును పదులుగా కొలుచుకుంటూ పో. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల లెక్కింపు జరుగుతోంది. మీ పిల్లలతో అందులో చేరు.

ఇక జాలర్ల సంగతి. ఇక్కడ నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకూ, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యం చేశాక, మేం కొందరం ఒక లంక గ్రామానికి వెళ్లి రచ్చబండ దగ్గర చట్టం చదివి వినిపించాం. అంతా విన్నారు. ఒక పెద్దాయన మాత్రం, "మరి మా పిల్లలేం తినాలయ్యా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరూ మాతో మనసిచ్చి మాట్లాడలేదు. 2006లో సర్కారు వాళ్లు కొల్లేట్లోని చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం వల్లే చాలావరకు అలా జరిగిందని నా నమ్మకం.

నువ్వు చట్టంతో మొదలుపెట్టకు. యానాది ఆడవాళ్లు నీళ్లలో కూర్చుని చేతుల్తో తడిమి రొయ్యలు పడతారు, వాళ్ల దగ్గర కూర్చో. ఏ నెలలో నీళ్లు ఎటు తిరుగుతాయో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ముఖద్వారం తెరుచుకుంటే వాళ్లకు చేప, ఫ్లెమింగోకు మేత. అర్జీ మీద మొదటి సంతకం జాలర్లదే ఉండాలి. పళవేర్కాడు వైపు జాలర్లకు 'పాడు' అని ఒక పాత పద్ధతి ఉంది, వంతులేసుకుని వల వేస్తారు. సరస్సును పంచుకోవడం వాళ్లకు మనం నేర్పాల్సిన పని లేదు.

నేలపట్టు కూడా చూసి రా. గూడబాతులు గూళ్లు పెట్టేది అక్కడి చెరువులో, మేతకొచ్చేది పులికాట్‌కు. రెట్టలు కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు ఎరువని అక్కడి రైతులే చెబుతారు. మీ పిల్లలకు ఆ సంగతి వాళ్ల చేతే చెప్పించు.

ఫొటోల కోసం వచ్చేవాళ్లతో మాత్రం గట్టిగా ఉండు. ఉప్పలపాడులో ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు పక్షులు లేవాలని చప్పట్లు కొట్టి కేకలు పెట్టారు. తల్లులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ కాసేపట్లోనే కాకులు గూళ్లలో దూరి రెండు గుడ్లు ఎత్తుకుపోయాయి, నా కళ్లముందే. ఫ్లెమింగో అయితే లేవడానికే నీళ్ల మీద అంత దూరం పరిగెత్తాలి. మాటిమాటికీ లేపితే తిన్నదంతా ఆ పరుగులకే సరిపోతుంది. ఫ్లెమింగో పండగకు జనం వచ్చినప్పుడు మీ పిల్లల్ని రోడ్డు పక్కన నిలబెట్టు, ఈ మాట వాళ్లే చెబుతారు.

నా బైనాక్యులర్ మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. కుడి కంటి చక్రం కాస్త బిగుసుకుంటుంది, మెల్లగా తిప్పు. జనవరి లెక్కింపుకు నేనూ వస్తాను, తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న