యాప్‌లో 1,200 మాటలు, నాన్న అడిగితే సగమే!

ప్రశ్న: మాది కాజీపేట. మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ నర్సింగ్ ఫైనల్ ఇయర్. ఏడు నెలలుగా ఆన్‌లైన్‌లో జపనీస్ నేర్చుకుంటోంది. యాప్‌లో 1,200 మాటలు వచ్చినట్టు చూపిస్తోంది. రాత్రి నేను లిస్టు పట్టుకుని అడిగితే సగం కూడా చెప్పలేకపోతోంది. జేఎల్‌పీటీ (జపనీస్ భాషా పరీక్ష)లో ఎన్4, అంటే కింది నుంచి రెండో లెవెల్, రాయించాలా? జేఎఫ్‌టీ (అక్కడ పనికి పోయేవాళ్లు రాసే ఇంకో జపనీస్ పరీక్ష) రాయించాలా? అక్కడ నర్సు ఉద్యోగం వస్తుందా?

జవాబు: అన్నా, టెన్షన్ పడకండి. పిల్ల మిమ్మల్ని మోసం చేయడం లేదు. యాప్ జపనీస్ మాట చూపించి నాలుగు అర్థాల్లో ఒకటి నొక్కమంటుంది. మీరేమో తెలుగు మాట చెప్పి జపనీస్ అడుగుతున్నారు. పెళ్లిలో కనబడ్డ మనిషిని చూడగానే గుర్తుపడతాం, పేరు మాత్రం నోటికి రాదు. ఇదీ అంతే. జేఎల్‌పీటీలో అన్నీ ఆప్షన్లే, మాట్లాడించరు, రాయించరు. మాటల వరకైతే మీరు పెట్టే పరీక్షే దానికన్నా కష్టం.

అలాగని యాప్ లెక్క నమ్మేయకండి. వందలో 40 మాటలు నిజంగా తెలిసి, మిగతావి గుడ్డిగా నొక్కినా 55 దాకా రావచ్చు. మీ చేతిలోని లిస్టు కూడా అధికారికం కాదు. 2010లో పరీక్ష మారాక నిర్వాహకులు మాటల జాబితా ఇవ్వడం మానేశారు. పైగా లిస్టులో 'కకేరు' అంటే 'తగిలించు' అని ఉంటుంది. తాళం వేయడానికీ, కళ్లజోడు పెట్టుకోవడానికీ, ఫోన్ చేయడానికీ అదే మాట. మన 'వేయు' లాంటిదే: తాళం వేస్తాం, ఓటు వేస్తాం, బ్రేక్ వేస్తాం. ఎన్4లో ఒక మాటను ఏ వాక్యంలో సరిగ్గా వాడారో కూడా అడుగుతారు. అందుకే ఆప్షన్లు చేత్తో మూసి అర్థం చెప్పుకోమనండి, ఆ మాటతో ఒక వాక్యం కట్టమనండి. జపనీస్‌లో అసలు లేనే లేని ఉత్తుత్తి మాటలు నాలుగు టీచర్ ఆ లిస్టులో కలిపితే ఇంకా మంచిది. వాటికీ 'వచ్చు' అని టిక్ పెట్టిందంటే తెలిసిపోతుంది.

నా అసలు అనుమానం వేరే. 'జపాన్‌లో నర్సు' అని చెప్పి చేర్చుకునే చాలా చోట్ల చూపించేది కైగో పని, అంటే ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, లేపి కూర్చోబెట్టడం. గౌరవమైన పనే, కానీ నర్సు పని కాదు. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే జపాన్ పని వీసా మొదటి రకం మీద పోతే మామూలుగా మొత్తం ఐదేళ్లే, కుటుంబాన్ని తీసుకుపోలేరు. అక్కడ నర్సు కావాలంటే వాళ్ల జాతీయ పరీక్ష జపనీస్‌లో పాసవ్వాలి. మన దగ్గర చదివినవాళ్లకు ఆ పరీక్ష రాయడానికే మామూలుగా ఎన్1, అంటే జేఎల్‌పీటీలో అన్నిటికన్నా పై లెవెల్, అడుగుతారు. ఆరు నెలల కోర్సుతో అయ్యేది కాదు. డబ్బు కట్టేముందు ఈ మాట అడిగారా? అడిగి ఉండరు. చుట్టాలకు మాత్రం 'జపాన్ పోతుంది' అని చెప్పేసి ఉంటారు. ఆ భారమంతా మోసేది పిల్ల. రాత్రి లిస్టు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే వచ్చిన మాట కూడా భయానికి రాదు. మీరు రాత్రిళ్లు పెట్టే ఆ పరీక్ష ఇవాళే మానేయండి.

ఇక ఏది రాయించాలి? కైగోకే పోతానంటే జేఎఫ్‌టీ చాలు: కంప్యూటర్ మీద, 250కి 200 రావాలి. దాంతోపాటు కైగో స్కిల్ పరీక్ష, కైగో జపనీస్ పరీక్ష వేరుగా ఉంటాయి. ఇంకా తేల్చుకోకపోతే ఎన్4 రాయనివ్వండి: 180కి 90, సెక్షన్లవారీ కనీస మార్కులూ ఉంటాయి. ఏడు నెలల్లో ఇంత నేర్చిన పిల్ల వెనకబడిందని నేను అనుకోను. కైగో ఇష్టమో కాదో ముందు తననే అడగండి.